దిబ్బరొట్టె అడుగు మాడకుండా, లోపల ఉడికేలా గ్యాస్ మీద ఎలా చేయాలి?

అందరికీ నమస్కారం. గోదావరి జిల్లాల వాళ్లు, ముఖ్యంగా పెద్దవాళ్ల చేతి దిబ్బరొట్టె తిన్నవాళ్లు కాస్త సాయం చేయండి.

మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మమ్మ మినప్పప్పు ఒక గ్లాసుకి బియ్యపు రవ్వ రెండు గ్లాసులు వేసేది. నానిన పప్పు రోట్లో గట్టిగా రుబ్బి, కడిగి పిండిన రవ్వ, ఉప్పు, జీలకర్ర కలిపేది. బాగా నూనె వేసిన ఇత్తడి గిన్నెలో పిండి మందంగా పోసి, కుంపటి మీద పెట్టి, పళ్లెం మూసి దాని మీద కూడా నిప్పులు పోసేది. అడుగూ పైనా ఎర్రగా, కరకరలాడుతూ, లోపల దూదిలా ఉండేది. చెరుకు పానకంలో ముంచుకుని తినేవాళ్లం. ఆవకాయతోనూ బాగుంటుంది గానీ, నాకు మాత్రం పానకం ఉండాల్సిందే.

ఇప్పుడు అమ్మకి అది తినాలని ఉంది. అపార్ట్‌మెంట్‌లో కుంపటి కుదరదు. గ్యాస్ మీద మందపాటి ఇనప మూకుడులో, సిమ్‌లోనే పెట్టినా అడుగు మాడిపోతోంది, నడుమ పిండి పచ్చిగానే ఉంటోంది. తిరగేస్తే విరిగిపోతోంది.

మూకుడు కింద పెనం పెడితే వేడి సమంగా తగులుతుందా? పిండి పులియనివ్వాలా, కలిపిన వెంటనే పోయాలా? మా బంధువుల్లో రెండు రకాలుగానూ చెబుతున్నారు. పైన నిప్పులకి బదులు ఓవెన్ వాడి చూసినవాళ్లుంటే ఎంత వేడి, ఎంతసేపో చెప్పండి. హైదరాబాద్‌లో మంచి చెరుకు పానకం ఎక్కడ దొరుకుతుందో తెలిసినా రాయండి.