అన్న చేతి పని ఎస్ఓపీలోకి ఎక్కిస్తే ఆయనకే ముప్పా?

క్యూఏ_మేడ్చల్:
బల్క్ డ్రగ్ ప్లాంటులో క్యూఏలో (నాణ్యత చూసే విభాగం) చేస్తున్నా. మా బ్లాకులో కాంట్రాక్టు మీదున్న సీనియర్ ఆపరేటర్ ఒకాయన ఉన్నారు, అందరం అన్న అనే పిలుస్తాం. క్రిస్టలైజేషన్ (ద్రావణాన్ని చల్లార్చి మందుని పలుకుగా దింపే పని) ఆయన షిఫ్టులో పడితే సెంట్రిఫ్యూజ్‌లో ఎంఎల్ (తిప్పి వడకడితే పలుకు నుంచి విడిపోయే ద్రవం) చకచకా దిగిపోతుంది. వేరే షిఫ్టులో అదే బ్యాచ్ మెత్తటి ముద్ద, బ్యాగు గీక్కోవడంతోనే సరి.

పక్కన నిలబడి చూశా. ఎస్ఓపీ (పని ఎలా చెయ్యాలో రాసిపెట్టిన పద్ధతి) ప్రకారం 45 డిగ్రీల దగ్గర సీడ్ (పలుకు కట్టడం మొదలవ్వడానికి వేసే కాస్త తయారు పలుకు) వేసి వెంటనే చిల్డ్ వాటర్ తెరవాలి. అన్న తెరవరు. సైట్ గ్లాసులోకి టార్చి కొట్టి, సీడ్ కరక్కుండా నిలిచిందా, మసక చిక్కబడిందా అని చూసుకుని, అప్పుడు వాల్వు కాస్త తిప్పుతారు. గబగబా చల్లబడితే సన్నటి పలుకు పడి ఫిల్టర్ మూసుకుపోతుందని ఆయనకి ఎవరూ క్లాసు చెప్పలేదు. బీఎంఆర్‌లో (బ్యాచ్ రికార్డులో) మాత్రం ఎస్ఓపీలో ఉన్న టైమే పడుతుంది.

ఇప్పుడు మేనేజర్ "ఆయన మానేసేలోపు అంతా వీడియో తీసి రాసెయ్" అంటున్నారు. ఉన్నదున్నట్టు రాస్తే పాత బీఎంఆర్‌లు తప్పని తేలుతుంది. కాంట్రాక్టు మనిషికి ఎంక్వైరీ ఏముంటుంది, మర్నాడే గేట్ పాస్ ఆగిపోతుంది. రాయకపోతే ఆ పని ఆయనతోనే పోతుంది. ఏం చెయ్యను?

ప్రాసెస్_రావు:
వీడియో చూసి ఎస్ఓపీ మార్చేస్తే కుదరదండీ. చేంజ్ కంట్రోల్ (మార్పుకి ముందు తీసుకునే రాతపూర్వక అనుమతి) పెట్టి, ఆర్ అండ్ డీని పిలిచి, సీడ్ వేశాక ఎంతసేపు ఆగాలో ట్రయల్ బ్యాచ్‌లతో తేల్చండి. ఐసీహెచ్ క్యూ10 (మందుల నాణ్యత వ్యవస్థ మీద అంతర్జాతీయ గైడ్‌లైన్) 2008లోనే నాలెడ్జ్ మేనేజ్‌మెంట్‌ని రిస్క్ మేనేజ్‌మెంట్ పక్కన నిలబెట్టింది. మన దగ్గర అది ఫోల్డర్ పేరుగానే మిగిలింది.

ఆడిట్_మనిషి:
టైము రాసింది అన్న, సరే. పక్కన "చెక్డ్ బై" దగ్గర సంతకం ఎవరిది? రికార్డు ఎవరిదో తెలియాలి, పని జరిగినప్పుడే రాయాలి అని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబరు గైడెన్సులో ఉంది. చూడకుండా పెట్టిన సంతకమూ ఆ లెక్కలోకే వస్తుంది. డీవియేషన్ (రాసిన పద్ధతి తప్పిందన్న రిపోర్టు) మీరే వెయ్యండి. రూట్ కాజ్ (అసలు కారణం) దగ్గర "ఆపరేటర్ పొరపాటు" అని మాత్రం రాయనివ్వకండి. అసలు ఆ ఎస్ఓపీయే నడిచేది కాదు.

పాత_ఆపరేటర్:
అన్నని అడిగినవా అక్కా? నా దగ్గరికి ఇట్లనే ఫోన్ పట్టుకొని వచ్చిండ్రు, ట్రైనింగ్ కోసం అన్నరు. ఆ వీడియో కొత్త పిల్లలకు చూపిచ్చి నన్ను ప్యాకింగుకు తోసిండ్రు. ఎందుకు తీస్తున్నవో ముందుగాల చెప్పు. ట్రైనింగ్ రికార్డుల ట్రైనర్ అని ఆయన పేరే పడాలె, పైసలు కూడా రాతల పెట్టియ్యి.

క్యూఏ_మేడ్చల్:
ఎంక్వైరీ సంగతితో సహా అన్నకి అంతా చెప్పా. "రాసుకో మేడం, గానీ వాల్వు ఎన్ని చుట్లో రాయకు. ఎండాకాలం చిల్లర్ లోడు మీదుంటది, లెక్క మారుతది" అన్నారు. అందుకే గంటకి ఎన్ని డిగ్రీలు దిగాలో తేల్చమని ఆర్ అండ్ డీని అడుగుతున్నా. డీవియేషన్ వేశా, షిఫ్ట్ ఇన్‌ఛార్జి మాట్లాడ్డం మానేశారు. కాంట్రాక్టు వాళ్లని ట్రైనర్‌గా చూపించకూడదని హెచ్‌ఆర్ అంటోంది. అలాంటి రూలు ఎవరైనా ఎక్కడైనా చూశారా?