మిచ్ జోయెల్ ఎదుగుదలలో రాత పాత్ర ఎంత?

ప్రశ్న:
మాంట్రియల్‌కు చెందిన మార్కెటింగ్ వ్యాపారవేత్త మిచ్ జోయెల్ పుస్తకాలు రెండూ ఈమధ్య వరసగా చదివాను. ‘సిక్స్ పిక్సెల్స్ ఆఫ్ సెపరేషన్’ 2009లోను, ‘కంట్రోల్ ఆల్ట్ డిలీట్’ 2013లోను వెలువడ్డాయి. ఆయన భాగస్వామిగా ఉన్న ట్విస్ట్ ఇమేజ్ అనే డిజిటల్ మార్కెటింగ్ సంస్థను 2014లో డబ్ల్యుపిపి అనే బ్రిటిష్ ప్రకటనల దిగ్గజ సంస్థ కొనుగోలు చేసింది. పుస్తకాల వల్ల సంస్థకు పేరొచ్చిందా, సంస్థకు వచ్చిన పేరు వల్ల పుస్తకాలు అచ్చయ్యాయా? ఒక చిన్న ప్రకటనల సంస్థలో పనిచేస్తూ, రాయడానికి రోజూ కొంత సమయం కేటాయించాలా వద్దా అని ఆలోచిస్తున్నాను కనుక, తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
పుస్తకాల దగ్గర మొదలుపెడితే అసలు విషయం అందదండీ. ఆయన సంగీత పాత్రికేయుడిగా వృత్తిలోకి వచ్చారు. కుర్రవాడిగా ఉన్నప్పుడే మోట్లీ క్రూ అనే అమెరికన్ రాక్ బృందపు డ్రమ్మర్ టామీ లీని ఇంటర్వ్యూ చేశారు. ఆ తర్వాత మమ్మా డాట్ కామ్ అనే సెర్చ్ ఇంజన్‌కు ప్రకటనలు అమ్మే పని చేసి, ఆపైన ట్విస్ట్ ఇమేజ్‌లో చేరారు. 2003లో బ్లాగు, 2006లో పాడ్‌కాస్ట్ మొదలయ్యాయి. మొదటి పుస్తకానికి పెట్టింది ఆ బ్లాగు పేరే. అంటే పుస్తకం అచ్చయ్యేనాటికి ఆరేళ్ల టపాలు, వాటిని చదివే పాఠకులు ఆయనకు సిద్ధంగా ఉన్నారు. సంస్థ ఏ ఆలోచనతో పనిచేస్తుందో ఖాతాదారులు ముందే చదివి తెలుసుకునే వీలు ఆ బ్లాగు వల్లే కలిగింది. నా దృష్టిలో ఆయన చేసిన అతి తెలివైన పెట్టుబడి అదే.

రెండో జవాబు:
పై మిత్రులు చెప్పిన కాలక్రమం సరైనదే. అయితే సంస్థ ఎదుగుదలను ఒక్క రాతకే ఆపాదించడం మిగతావారికి అన్యాయం చేయడమే అవుతుంది. మార్క్ గుడ్‌మన్‌తో కలిపి జోయెల్‌కు మరో ముగ్గురు భాగస్వాములు ఉండేవారు. వెబ్‌సైట్లు కట్టి, గడువులోగా అప్పగించి, బిల్లులు వసూలు చేసుకునే యంత్రాంగం వెనక ఉండబట్టే ఆయన సభల్లో మాట్లాడడానికి, రాయడానికి తీరిక దొరికింది. మీ సంస్థలో ఆ భారం పంచుకునేవారు ఉన్నారా అన్నది ముందు చూసుకోండి.

మూడో జవాబు:
కొనుగోలు తర్వాతి కథ కూడా గమనించదగ్గది. 2015లో ట్విస్ట్ ఇమేజ్ మరికొన్ని సంస్థలతో కలిసి మిరమ్ అనే కొత్త డిజిటల్ మార్కెటింగ్ సంస్థ అయింది. 2018లో ఆయన బయటికి వచ్చారు. సంస్థ పేరు మారినా, తానే బయటికి వచ్చినా, పాడ్‌కాస్ట్ మాత్రం ఆగలేదు. బేస్ గిటార్ వాయించే కళాకారులతో ‘గ్రూవ్’ అనే మరో పాడ్‌కాస్ట్ కూడా నడిపారు. చిన్ననాటి సంగీతాభిమానం, ఇంటర్వ్యూ చేసే నేర్పు రెండూ అందులో వినిపిస్తాయి. వృత్తిజీవితం తిన్నని గీతలా సాగనక్కర్లేదని రెండో పుస్తకంలో ఆయన వాదించిన తీరుకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఇక మీ సందేహానికి వస్తే, పుస్తకం సంగతి ఇప్పుడు పక్కన పెట్టి, మీరు రోజూ చేసే పనిలో ఖాతాదారులు పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు రాయడంతో మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రెండో జవాబులోని హెచ్చరిక నాకు సూటిగా తగిలింది. మా దగ్గర వసూళ్ల పని కూడా నా మీదే ఉంది. అందుచేత వారానికి ఒక్క టపాతో మొదలుపెడతాను.