ఫ్లోరిడాలోని పినెల్లాస్ కౌంటీ ఎరువుల నిషేధం: జూన్‌లో లాన్‌కి ఎరువు వేస్తే తప్పేంటి?

లార్గో_నివాసి: జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు లాన్‌కి నైట్రోజన్, ఫాస్ఫరస్ వేయకూడదు, షాపుల్లో అమ్మకూడదు. 2010లో మన కౌంటీ తెచ్చిన రూలు ఇది. కానీ ఈ గడ్డి జోరుగా పెరిగేదే ఆ నాలుగు నెలలు. పొలానికైనా పైరు ఎదిగేటప్పుడే కదా ఎరువు వేస్తాం? సెయింట్ అగస్టీన్ గడ్డి వేసుకున్నవాళ్లు ఏం చేస్తున్నారు?

బే_తీరం: అన్నా, ఆ నాలుగు నెలలే కుండపోత వానలు కూడా. ఇసుక నేలలో ఎరువు నిలవదు. గట్టి వాన పడ్డప్పుడు వీధి చివర డ్రెయిన్ దగ్గర నిలబడి చూడండి. కోసిన గడ్డి, తెల్లటి ఎరువు గుళికలు కలిసి జాలీలోంచి దిగిపోతుంటాయి. ఆ నీటిని ఎవరూ శుద్ధి చేయరు, చివరికి టాంపా బేలో (మన పక్కనున్న సముద్రపు అఖాతంలో) కలుస్తుంది. నైట్రోజన్‌తో నాచు పెరిగి, అడుగున సముద్రపు గడ్డికి ఎండ తగలదు. 2021లో ఫ్లోరిడాలో దాదాపు 1,100 మానటీలు (సముద్రపు గడ్డి తిని బతికే పెద్ద నీటి జంతువులు) చనిపోయాయి, వాటిలో చాలా తినడానికి ఆ గడ్డి లేకనే.

లార్గో_నివాసి: ఆకలితో పోయినవి ఇండియన్ రివర్ లగూన్‌లో. అది తూర్పు తీరం, మనది కాదు.

మామిడిచెట్టు: గడ్డి పచ్చగా ఉండడానికి ఐరన్ వేసుకోవచ్చండి. నిషేధం నైట్రోజన్, ఫాస్ఫరస్‌కే.

లార్గో_నివాసి: ఐరన్ సంగతి కాదు నేను అడిగింది. ఎదిగే కాలంలో గడ్డి నైట్రోజన్‌ని బాగా పీల్చుకుంటుందని ఫ్లోరిడా యూనివర్సిటీ శాస్త్రవేత్తలే చెప్పారు.

బే_తీరం: ఆరోగ్యంగా ఉన్న గడ్డికి, సరైన మోతాదులో వేస్తే. మా వీధిలో చల్లేవాళ్లు డ్రైవ్‌వే మీద పడ్డది ఊడ్చను కూడా ఊడ్వరు.

లార్గో_నివాసి: 2021 ఏప్రిల్‌లో పైనీ పాయింట్ పాత ఫాస్ఫేట్ ప్లాంట్ నుంచి 20 కోట్ల గ్యాలన్లకు పైగా కలుషిత నీళ్లు బేలోకి వదిలారు. వాళ్లని వదిలేసి నా పెరటి మీద పడతారేం?

బే_తీరం: వాళ్లు చేశారని మనమూ చేద్దామా? పిల్లల్ని ఆ నీళ్లలోకే కదా ఈతకి తీసుకెళ్లేది!

లార్గో_నివాసి: మీకేం, మీకు హెచ్‌ఓఏ (ఇళ్లు, లాన్లు ఎలా ఉండాలో రూల్స్ పెట్టే కాలనీ సంఘం) లేదు. పోయిన ఆగస్టులో గడ్డి పసుపెక్కిందని నాకు ఫైన్ నోటీసు పంపారు. వీధిలో మనవాళ్ల ఇల్లు మాదొక్కటే. ఇల్లు చూసుకోవడం రాదని అనుకుంటారేమోనని మా ఆవిడ పక్కవాళ్లకి ఎదురుపడడమే మానేసింది.

బే_తీరం: అయితే మీ గొడవ కౌంటీతో కాదు, హెచ్‌ఓఏతో. ఫ్లోరిడా ఫ్రెండ్లీ ల్యాండ్‌స్కేపింగ్‌ని (నీళ్లు, ఎరువు తక్కువ పట్టే తోట పద్ధతిని) హెచ్‌ఓఏ అడ్డుకోకూడదని రాష్ట్ర చట్టమే ఉంది. ఇంటి ముందున్న గడ్డి కొంత తీసేసి స్థానిక మొక్కలు పెట్టండి, నోటీసు వస్తే ఆ చట్టం చూపించండి.

లార్గో_నివాసి: చట్టం చూపించి గెలుస్తాను. ఆ తర్వాత వాళ్ల మధ్యే ఉండాలి కదా? నాకు అందరిలాంటి లాన్ కావాలి.

బే_తీరం: నేను వద్దంటున్నదే ఆ అందరిలాంటి లాన్‌ని. ఒక్కరూ ముందుకు రాకపోతే ఆ వీధి ఎప్పటికీ మారదు.

లార్గో_నివాసి: ఆ ఒక్కరు మొదట వచ్చిన ఇండియన్ కుటుంబమే ఎందుకవ్వాలి?

మామిడిచెట్టు: మే నెలలోనే వేసేయండి. నైట్రోజన్‌లో సగమైనా స్లో రిలీజ్ (నెమ్మదిగా విడుదలయ్యే రకం) ఉండాలని రూలు, సంచి మీద చూసుకోండి.