అప్‌డేట్: విండోస్ 11 ఎక్కింది, కొత్త ల్యాప్‌టాప్ అవసరం పడలేదు

నా ఎనిమిదో తరం ఐ5 ల్యాప్‌టాప్ విండోస్ 11కి పనికిరాదని చూపిస్తోందని ఇక్కడ అడిగాను కదా, పని అయిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అసలు కారణం టీపీఎం 2.0, అంటే విండోస్ 11 తప్పనిసరిగా అడిగే ఒక సెక్యూరిటీ ఫీచర్. నా ల్యాప్‌టాప్‌లో అది ఉంది, కానీ బయోస్‌లో (విండోస్ మొదలయ్యే ముందు తెరిచే సెట్టింగ్స్‌లో) ఆఫ్‌లో ఉంది, అంతే! సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఒక షాపతను చూడగానే చెప్పాడు. ఇంటెల్ మెషీన్లలో అది ‘పీటీటీ’ పేరుతో ఉంటుందట, అందుకే నేను గంటసేపు వెతికినా దొరకలేదు. దాన్ని, బయోస్‌లోనే ఉండే సెక్యూర్ బూట్ అనే ఇంకో సెక్యూరిటీ సెట్టింగ్‌ని ఆన్ చేశాక, విండోస్ 11కి పనికొస్తుందో లేదో చెప్పే మైక్రోసాఫ్ట్ యాప్ పీసీ హెల్త్ చెక్‌లో ఓకే వచ్చింది. ఇక్కడ ఒకరు మొదటిరోజే టీపీఎం చూడమన్నారు, నేనే పట్టించుకోలేదు. బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌ని లాక్ చేసే విండోస్ ఫీచర్) రికవరీ కీ మాత్రం రాసి పెట్టుకోండి, డిస్క్ లాక్ అయితే తెరవడానికి అదే కావాలి.

కొందరు ర్యామ్ పెంచమన్నది, ఎస్ఎస్‌డీ మార్చమన్నది దీనికి సంబంధం లేని విషయాలు. నాకున్న 8 జీబీ చాలు, కనీసం కావాల్సింది 4 జీబీయే.

2025 అక్టోబర్ 14 తర్వాత విండోస్ 10 మెషీన్లు ఆన్ కావని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తిరిగిన మెసేజ్ చూసే నేను టెన్షన్ పడింది. అది వట్టి పుకారు. ఆగింది మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లు మాత్రమే. మా నాన్నగారి పాత డెస్క్‌టాప్ ఇంకా విండోస్ 10తోనే నడుస్తోంది.