మిగ్-29ల గడువు మరోసారి పెంచాలా?

గగనవిహారి:
2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు పలికారు. 1963 నుంచి మన వాయుసేనలో ఉన్న సోవియట్ యుద్ధవిమానం అది. అది వెళ్లాక ఫైటర్ స్క్వాడ్రన్లు 29 మిగిలాయి. ఉండాల్సినవి 42. ఈ లోటును చూపించి మిగ్-29ల గడువు ఇంకా పెంచాలనే మాట వినిపిస్తోంది. అవి 1987లో వచ్చాయి. 25 ఏళ్లకని వచ్చినవాటిని 2008 ఆధునికీకరణ ఒప్పందంతో 40 ఏళ్లకు తీసుకెళ్లారు. మొదట వచ్చినవాటికి ఆ 40 కూడా నిండబోతున్నాయి.

నేను సూటిగా చెప్తాను, ఇక వద్దు. మిగ్-21 విషయంలో ఇదే దారిలో వెళ్లాం. మన దేశీ ఫైటర్ తేజస్ ఆలస్యమైన ప్రతిసారీ మిగ్-21 రిటైర్‌మెంట్ వాయిదా పడింది. మొత్తం 872 మిగ్‌లలో 482 ప్రమాదాల్లో పోయాయని, 171 మంది పైలట్లు చనిపోయారని 2012లో రక్షణ మంత్రి ఆంటోనీ రాజ్యసభకు చెప్పారు. 2023 మేలో రాజస్థాన్‌లోని హనుమాన్‌గఢ్ దగ్గర ఒక బైసన్ ఇంటి మీద కూలి ముగ్గురు గ్రామస్థులు చనిపోయారు. బైసన్ అంటే ఆధునికీకరించిన మిగ్-21 అన్న సంగతి మరవొద్దు.

వాలుగాలి:
గగనవిహారి గారూ, ఆ 482 అంకెను విమానం వయసు మీదికి నెట్టేస్తే అన్యాయం. అది నలభై ఏళ్ల లెక్క, అన్ని రకాల మిగ్‌లదీ కలిపి. హాక్ ట్రైనర్ మనకు వచ్చింది 2008లో. అప్పటిదాకా కుర్ర పైలట్లు కిరణ్ లాంటి నెమ్మది విమానం నుంచి నేరుగా మిగ్-21 ఎక్కేవారు. గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో దిగే సింగిల్ ఇంజిన్ విమానం అది. మధ్యలో మెట్టు లేకుండా చేసి, తప్పంతా విమానానిదే అంటే ఎలా?

బైసన్‌నే చూడండి. కోప్యో రాడార్, హెల్మెట్‌లోంచి గురి చూసే సదుపాయం, ఆర్-73, ఆర్-77 క్షిపణులు. 1950ల నాటి డిజైన్‌కి ఇవన్నీ వచ్చి చేరాయి. మిగ్-29కి జుక్-ఎంఈ రాడార్, గాల్లో ఇంధనం నింపుకునే గొట్టం, నేల మీది లక్ష్యాలను కొట్టే ఆయుధాలు వచ్చాయి. 2022లో ఉక్రెయిన్ తన మిగ్-29లకు శత్రు రాడార్లను కొట్టే అమెరికా హార్మ్ క్షిపణిని తగిలించి యుద్ధంలో వాడింది. పాత విమానమని పక్కన పెట్టి ఉంటే ఆ దేశం దేనితో పోరాడేది?

83 తేజస్‌లకు 2021 ఫిబ్రవరిలో ఆర్డర్ ఇచ్చాం. వాటికి కావాల్సిన మొదటి ఇంజిన్ 2025 మార్చిలో అందింది. పరిస్థితి ఇలా ఉంటే, ఉన్న విమానాలను ముందే దించేసి ఆ స్క్వాడ్రన్లను ఏం చేద్దామంటారు?

పాత_హ్యాంగర్:
మీరిద్దరూ రాడార్లు, క్షిపణుల చుట్టూనే తిరుగుతున్నారు. మెయింటెనెన్స్‌లో ఉన్నవాళ్లు చూసేది వేరు. పాత ఇంటికి కొత్త వైరింగ్ వేసినంత మాత్రాన పునాది గట్టిపడదు.

సోవియట్ ఫైటర్‌కి రెండు గడువులుంటాయి: ఎగిరిన గంటలు, గడిచిన సంవత్సరాలు. విమానం షెడ్డులో కదలకుండా ఉన్నా రెండోది నడుస్తూనే ఉంటుంది. రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. హైడ్రాలిక్ గొట్టాలు, వైర్ల పైపొర పాడవుతాయి. ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటులోని మందుగుండు కాట్రిడ్జ్‌లకు గడువు తేదీ ఉంటుంది. ఇంజిన్ సంగతి ఇంకోలా ఉంటుంది. సోవియట్ వాళ్ల ఆలోచనే వేరు: చాలా ఇంజిన్లు తయారు చెయ్యి, కొన్ని వందల గంటలు వాడు, ఊడదీసి ఫ్యాక్టరీకి పంపు, మరోటి పెట్టు. భారీ యుద్ధానికి సిద్ధంగా ఉండే దేశానికి అది సరిపోయింది. ఫ్యాక్టరీ మరో దేశంలో ఉన్నవాడికి అదే గుదిబండ అయింది. మిగ్-29లో ఉండే ఆర్డీ-33 ఇంజిన్ తర్వాతి రకాల్లో ఆ గంటలు బాగా పెరిగాయి కానీ పద్ధతి మారలేదు.

తుప్పు సంగతి కూడా చెప్పాలి. 2008 డిసెంబర్‌లో సైబీరియాలో ఒక రష్యన్ మిగ్-29 కూలింది. తోక రెక్క లోపల తుప్పు పట్టి గాల్లోనే విరిగిందని తేలింది. తర్వాత తనిఖీ చేస్తే వాళ్ల మిగ్-29లలో చాలావాటికి అదే జబ్బు. కాక్‌పిట్‌లో ఎన్ని కొత్త తెరలు పెట్టినా ఇది కనిపించదు. విప్పి చూడాల్సిందే.

విడిభాగాలు దొరకనప్పుడు సొంతంగా చేయించుకోవాలనిపిస్తుంది. అక్కడ మరీ జాగ్రత్త కావాలి. 2018 జులైలో పోలండ్‌లో మిగ్-29 పైలట్ ఒకరు ఎజెక్ట్ అయి కూడా చనిపోయారు. సీటులో స్థానికంగా మార్చిన ఒక చిన్న భాగం మీదే అనుమానమంతా నిలిచింది. ఒరిజినల్ డ్రాయింగు లేకుండా, లోహం ఏదో సరిగ్గా తెలియకుండా కొలతలు మాత్రమే పట్టుకుని చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ విషయంలో మనం చాలా దేశాల కన్నా మేలు. మహారాష్ట్రలోని ఓఝర్‌లో వాయుసేన 11 బేస్ రిపేర్ డిపోలో మిగ్-29ని పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేస్తారు. ఒడిశాలోని కోరాపుట్‌లో ప్రభుత్వ విమాన సంస్థ హెచ్ఏఎల్ ఆర్డీ-33 ఇంజిన్‌ను లైసెన్సుతో తయారు చేసింది. అది ఊరికే వచ్చిన బలం కాదు, ఆ షాపుల్లో మనుషులు ఏళ్ల తరబడి నేర్చుకున్నది. గడువు పెంచాలా వద్దా అన్నది ఆ షాపు ఫ్లోర్ మీద తేలాలి.

తూనీగ:
అన్నా, మరి రొమేనియా? వాళ్లకీ సొంత ఫ్యాక్టరీ ఉంది. ఇజ్రాయెల్ కంపెనీతో కలిసి మిగ్-21ని లాన్సర్‌గా మార్చారు, మంచి అప్‌గ్రేడ్ అని పేరు కూడా వచ్చింది. అయినా వరస ప్రమాదాల తర్వాత 2022 ఏప్రిల్‌లో ఆపేశారు. గగనతలాన్ని కాపలా కాయడానికి సరిపడా విమానాలు లేక మేలో మళ్లీ ఎగరేశారు. 2023 మేలో చివరికి దించేశారు. భద్రంగా లేవని ఆపినవాటిని అవసరం కోసం మళ్లీ లేపడం నాకు భయం పుట్టిస్తుంది.

గగనవిహారి:
తూనీగ చెప్పిందే నా భయం కూడా. స్క్వాడ్రన్ల సంఖ్య ఒత్తిడి పెడుతున్నప్పుడు, "ఈ విమానం ఇక ఎగరకూడదు" అని ఓఝర్ ఇంజనీరు రాస్తే దాన్ని ఎవరూ తిరగరాయకుండా ఎవరు చూస్తారు? అందుకే ఆఖరి తేదీ ముందే ప్రకటించాలంటాను. తేదీ ఉంటే తేజస్ మీద కూడా తొందర పెరుగుతుంది.

వాలుగాలి:
మిగ్-21కి కూడా తేదీలు ప్రకటించారు, జరిపారు. మొత్తం ఫ్లీట్‌కి ఒకే తేదీ పెడితే బాగున్నదీ పోతుంది, పాడైనది ఆ తేదీదాకా ఎగురుతూనే ఉంటుంది. ఒక్కో టెయిల్ నంబర్‌కి, అంటే ఒక్కో విమానానికి, మిగిలిన గంటలెన్ని, తోక రెక్కలో పగుళ్లున్నాయా, సీటు కాట్రిడ్జ్ గడువు ఎప్పటిదాకా అని విడివిడిగా లెక్క తీసి, తేలనిదాన్ని వెంటనే పక్కన పెట్టాలి.

పాత_హ్యాంగర్:
వాలుగాలి గారూ, దానికి ఒక్కో విమానాన్ని నెలల తరబడి షాపులో ఉంచాల్సి వస్తుంది. స్క్వాడ్రన్లు తక్కువన్న మీ వాదనకు అదే మొదటి దెబ్బ. అయినా ఆ నెలలు ఇవ్వాల్సిందే, ఎందుకంటే విప్పని విమానానికి రాసే ఆయుష్షు కాగితం మీదిదే.