రెండు రౌండ్లు తిప్పినా డ్రయ్యర్‌లో బట్టలు ఆరడం లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. గత నెలే డాలస్ వచ్చాం. అపార్ట్‌మెంట్‌లో ఇచ్చిన డ్రయ్యర్‌లో తువ్వాళ్లు ఒక పట్టాన ఆరవు, పైగా గదంతా వేడెక్కుతోంది. కొత్తది అడగాలా? రాత్రి వేసి పడుకోవచ్చా?

ఫ్రిస్కో నుంచి: పడుకునే ముందు అస్సలు వేయొద్దు తమ్ముడూ. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా వద్దు. తప్పు డ్రయ్యర్‌ది కాకపోవచ్చు, వేడిగాలిని బయటికి పంపే వెంట్ గొట్టం మూసుకుపోయి ఉంటుంది. మాకూ ఇలాగే అయింది. లీజింగ్ ఆఫీసుకు మూడుసార్లు తిరిగితే, ఫిల్టర్‌లో నూగు (బట్టల నుంచి రాలే పీచు) తీసుకోండి అని పంపేశారు. ప్రతి లోడుకీ తీస్తున్నానన్నా వినలేదు. చివరికి డ్రయ్యర్ తిరుగుతుండగా బయటికెళ్లి, గోడకున్న వెంట్ మూత దగ్గర చెయ్యి పెట్టి చూశాను. గాలే రావడం లేదు! వీడియో తీసి ఈమెయిల్ పెడితే మర్నాడే మనిషి వచ్చాడు. లోపల్నుంచి బకెట్‌నిండా నూగు, మూత దగ్గర పిట్టగూడు. ఆ ఖర్చు మా అద్దెలో కలిపితే, లీజు కాగితం చూపించి తీయించాను. నోటిమాటగా చెప్పొద్దు, మెయిల్ పెట్టండి.

ఎడిసన్ నుంచి: డ్రయ్యర్ వెనక్కి కూడా తొంగి చూడండి. ప్లాస్టిక్ గొట్టమో, పల్చటి రేకు గొట్టమో ఉంటే మార్పించండి. 4 అంగుళాల గట్టి లోహపు గొట్టమే వాడాలి. పొడవు 35 అడుగులు దాటకూడదు, ఒక్కో 90 డిగ్రీల మలుపుకీ 5 అడుగులు తగ్గించి లెక్కేయాలి. పిట్టలొస్తున్నాయని బయట మూతకి వల మాత్రం కొట్టొద్దు, నూగంతా దానికే పట్టేస్తుంది.

ఆస్టిన్ నుంచి: 35 అడుగులనేది అందరికీ కాదండీ. కంపెనీ మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే అదీ చెల్లుతుంది.

ఎడిసన్ నుంచి: అద్దెకున్నవాళ్ల దగ్గర మాన్యువల్ ఎక్కడుంటుందండీ?

చికాగో నుంచి: కొలతల సంగతి తర్వాత. అమెరికాలో 2008–2010 మధ్య ఏటా దాదాపు 2,900 ఇళ్లలో డ్రయ్యర్ మంటలని ప్రభుత్వ అగ్నిమాపక సంస్థ లెక్క. శుభ్రం చేయకపోవడమే అన్నిటికన్నా పెద్ద కారణం. దాంతోపాటు మనిళ్లలో నూనె తువ్వాళ్లున్నాయి. తలంటుకి వాడిన నువ్వులనూనె ఉతికినా పూర్తిగా పోదు. డ్రయ్యర్ వేడి తగిలాక ఆ నూనె గాలితో కలిసి తనంతట తానే ఇంకా వేడెక్కుతుంది. తీసి వేడిమీదే కుప్పపోస్తే అంటుకోవచ్చు. అవి స్టాండు మీద ఆరేయండి. మంట కనిపిస్తే డ్రయ్యర్ తలుపు తీయకండి, అందరూ బయటికొచ్చి 911కి ఫోన్ చేయండి.

అడిగినవారు: ఇప్పుడే చూశాను, బయట మూత సగమే తెరుచుకుంటోంది. మెయిల్ పెట్టాను. అమ్మ తలంటు తువ్వాళ్లు బాల్కనీలో ఆరేశాం.

ఫ్రిస్కో నుంచి: బాల్కనీలో ఆరేస్తే కొన్నిచోట్ల అపార్ట్‌మెంట్ వాళ్లు నోటీసు ఇస్తారు తమ్ముడూ. స్టాండు లోపలే పెట్టుకోండి.