ఫేర్‌వెల్‌కి ముందు రెండు పీరియడ్ల చరిత్ర పాఠం: వీడ్కోలు సలహాలు ఎలా చదివించాలి?

బొబ్బిలి సోషల్ టీచర్:
జిల్లా పరిషత్ హైస్కూల్, పదో తరగతి, 42 మంది పిల్లలు. ఫేర్‌వెల్ రోజు ఎలాగూ పెద్దలొచ్చి "కష్టపడి చదవండి, పైకి రండి" అని చెప్పి వెళ్తారు. దానికి ముందు రెండు సోషల్ పీరియడ్లలో, చరిత్రలో వీడ్కోలు వేళ చెప్పిన సలహాలు కొన్ని చదివించాలని ఉంది. తెలివి పుట్టుకతో ఖరారైపోదు, సాధనతో పెరుగుతుందనే గ్రోత్ మైండ్‌సెట్ సంగతి కూడా అందులో కలవాలి. వాషింగ్టన్ వీడ్కోలు ప్రసంగం, బుద్ధుడి చివరి మాటలు అనుకున్నాను. ఇంకేవి పెట్టొచ్చు? ఎక్కడ బెడిసికొడుతుంది? పుస్తకం రెండు భాషల్లో ఉన్నా మా పిల్లలు చదివేది తెలుగు పేజీనే, అది గుర్తుంచుకుని చెప్పండి.

నాగావళి గట్టు:
మేడమ్, వాషింగ్టన్ దాన్ని ప్రసంగించలేదు. 1796 సెప్టెంబర్ 19న ఫిలడెల్ఫియా పత్రికలో అచ్చయింది, అంతే. పిల్లలకి పనికొచ్చే సంగతి అది రాసిన తీరులో ఉంది. 1792లో పదవి దిగిపోదామనుకుని తోటి నాయకుడు మాడిసన్ చేత చిత్తుప్రతి రాయించుకున్నాడు. దిగలేదు, కాగితం పక్కన పెట్టాడు. నాలుగేళ్ల తర్వాత దాన్నే ఇంకో నాయకుడు హామిల్టన్‌కి ఇచ్చి తిరగరాయించాడు. అమెరికా మొదటి అధ్యక్షుడు కూడా ఒక్క ఊపులో రాసెయ్యలేదన్నమాట. అంతా కలిపి సుమారు 6,000 మాటలు, కాబట్టి పూర్తిగా ఇవ్వకండి. పార్టీ కక్షల గురించి హెచ్చరించిన పేరా ఒక్కటే తెలుగులో ఎనిమిది లైన్లకి కుదించండి. మిగతాది విదేశీ పొత్తుల గొడవ, పదో తరగతికి బరువు.

బుద్ధుడికి రెండు లైన్లు చాలు. పుట్టినవన్నీ నశించేవే, ఏమరుపాటు లేకుండా సాధించుకోండి అని ఆయన చివరి రోజుల గురించి చెప్పే మహాపరినిబ్బాన సుత్తంలో ఉంది. మన పాత బౌద్ధ స్థలాలు రామతీర్థం గురుభక్తులకొండో, వంశధార ఒడ్డు శాలిహుండమో ఫొటో ఒకటి చూపిస్తే ఈ మాటలు మన కొండల మీద కూడా వినబడ్డాయని తెలుస్తుంది.

నేనైతే మొదట తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి పదకొండో అనువాకం (చిన్న భాగం) పెడతాను. చదువు ముగించి ఇంటికెళ్లే శిష్యుడికి గురువు చెప్పే మాటలే అవి, అసలైన ఫేర్‌వెల్. సత్యం వద, ధర్మం చర అందరికీ నోటికొచ్చు, అక్కడే ఆగిపోతారు. కింద ఇంకా రెండున్నాయి. మాలో మంచి నడతలు ఏవుంటే అవే పాటించు, మిగతావి వద్దు అని గురువే అంటాడు. ఏం చెయ్యాలో అనుమానం వస్తే, అక్కడ ఆలోచనాపరులు, కరకుతనం లేనివాళ్లు ఎలా నడుచుకుంటారో అలా నడుచుకో అని కూడా అంటాడు. ఈ రెండు వాక్యాలు బోర్డు మీద రాసి, "టీచర్ చేసిందంతా చెయ్యొద్దని టీచరే ఎందుకంటున్నాడు?" అని అడిగి రెండు నిమిషాలు ఊరుకోండి. మొదటి నిమిషం క్లాసు గప్‌చుప్. అప్పుడు జవాబు మీరు అందించేస్తే పాఠం అక్కడితో సరి.

కోట బురుజు, విజయనగరం:
పై సలహా బాగుంది గానీ మన జిల్లాల మాట రాకపోతే ఎలా? గిడుగు రామమూర్తి గారి తుది విన్నపం ఉందిగా. 1940 జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులతో మాట్లాడారు, 22న పోయారు. స్వరాజ్యం కావాలంటున్నాం, మరి సామాన్యులకి ఏ భాషలో చదువు చెబుతారు అన్నది అందులో సారం.

దాని పక్కనే ఒక కాలరేఖ గీయించండి. 1863, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టుక. 1880, పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగం. అక్కడే సవర గిరిజనులతో మాట్లాడి వాళ్ల భాష నేర్చుకున్నారు. 1931, సవర వ్యాకరణం అచ్చు. 1880కీ 1931కీ తేడా పిల్లలనే తియ్యమనండి. ఆ అడవుల్లో మలేరియాకి క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు, దాన్ని దాచొద్దు. ఆయన విన్నపం చేసేనాటికి పాఠ్యపుస్తకాలు ఇంకా చాలామటుకు గ్రాంథికంలోనే ఉన్నాయి. అంటే గెలిచినవాడి ఉపన్యాసం కాదది, పని సగంలో ఉండగా చెప్పిన మాట. నా లెక్కలో వాషింగ్టన్ కంటే ఇదే ముందు.

ఇంకోటి: కన్యాశుల్కం 1892లో ఇక్కడ ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాశారు. రెండు కూర్పుల్లోంచీ ఒకే సందర్భం అర పేజీ చొప్పున జిరాక్స్ తీసి, మారిన చోట్ల పెన్సిల్‌తో గీత గీయిస్తే 15 నిమిషాల్లో అయిపోతుంది. గ్రోత్ మైండ్‌సెట్ అని మీరు నోరు విప్పి చెప్పక్కర్లేదు.

లెక్కల మాస్టారు, రాజాం:
గ్రోత్ మైండ్‌సెట్ గురించి ఒక మాట. దాన్ని మందులా అమ్మకండి. ఈ మాటని ప్రచారంలోకి తెచ్చిన మనస్తత్వవేత్త కరోల్ డ్వెక్ పుస్తకం 2006లో వచ్చింది. 1998లో ఆమె, మ్యూలర్ కలిసి చేసిన ప్రయోగాల్లో "తెలివైనవాడివి" అని మెచ్చుకున్న పిల్లలు కష్టమైన లెక్క ఎదురయ్యాక డీలాపడ్డారు, ప్రయత్నాన్ని మెచ్చుకున్నవాళ్లు తట్టుకున్నారు. నిజమే. కానీ అమెరికాలో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లలతో చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. వెనకబడిన పిల్లల గ్రేడు సగటు 0.1 పాయింటు పెరిగింది. పనికొస్తుంది, అద్భుతం కాదు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, తప్పు పద్ధతిలో పది సార్లు చేసినవాణ్ని కూడా "బాగా కష్టపడ్డావు" అంటాం. వాడు పదకొండోసారీ అలాగే చేస్తాడు. ఏ మెట్టు మార్చాడో దాన్ని మెచ్చుకోవాలి.

రెండో పీరియడ్‌లో తొమ్మిదో తరగతివాళ్లకి ఉత్తరం రాయించండి. ఆరుగురు చొప్పున ఏడు జట్లు, కానీ ఉత్తరం ఎవరిది వాళ్లదే. ఊరికే రాయమంటే "ఏటి రాయాలి సార్" అని మొదలెట్టి 42 మందీ "కష్టపడితే ఫలితం" అనే రాస్తారు. అందుకని షరతులు పెట్టండి: పది లైన్లు దాటకూడదు, ఒక పాఠం పేరో లెక్క పేరో ఉండాలి, ముందు ఎలా చేసేవాడు, ఏం మార్చాడు, ఇంకా రానిదేమిటి అన్నవి రావాలి. 12 నిమిషాలు రాయడం, 8 నిమిషాలు పక్కవాడు చదివి "ఇది ఎలా?" అని ఒక్క ప్రశ్న వెయ్యడం, 10 నిమిషాలు తిరగరాయడం. మొదటి ప్రతి చింపనివ్వకండి, రెండూ కలిపి పిన్ను కొట్టి తీసుకోండి. మార్కులు వెయ్యొద్దు.

ప్రీఫైనల్స్ మొదలయ్యాక పెడితే ఎవరి బుర్రా ఇక్కడ ఉండదు. సంక్రాంతి సెలవుల తర్వాతి వారం సరైన టైము.

బొబ్బిలి సోషల్ టీచర్:
అందరికీ థాంక్సండి. ఉపనిషత్తు, గిడుగు గారు, కన్యాశుల్కం ఖాయం, వాషింగ్టన్‌ని చిత్తుప్రతి కథవరకే వాడతాను. వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరిని కూడా కలపమని పిల్లలు అడుగుతున్నారు.

లెక్కల మాస్టారు, రాజాం:
ఆవిడది వీడ్కోలు సలహా కాదు కదండీ, ఈ పాఠంలో ఇమడదు. తప్పదంటే పది నిమిషాలు అంకెలతో చేయించండి. 2000 సిడ్నీ, 69 కిలోల విభాగం: స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240, కాంస్యం. స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గర. ఆఖరి ప్రయత్నానికి 137.5 అడిగారు, పడలేదు. ఎత్తి ఉంటే మొత్తం ఎంతయ్యేది, 132.5 అడిగి ఉంటే ఎంత అని బోర్డు మీద వేయించండి. కష్టం వేరు, ఎంత బరువు అడగాలన్న నిర్ణయం వేరు అని వాళ్లే పట్టేస్తారు. పట్టకపోతే అక్కడితో వదిలేసి ఉత్తరాల పనిలోకి వెళ్లండి, టైము చాలదు.